పుస్తకం రెండో పేజీ
(వాడ నుంచి చరిత్ర, పదకొండో భాగం)



పోయిన భాగం పెట్టాక ఇన్‌బాక్సులో వచ్చిన మెసేజీల్లో సగం ఒకటే అడిగాయి: "అన్నా, ఏ పుస్తకాలు చదవాలో ఒక లిస్టు పెట్టు." మిగతా సగం: "అన్నా, పీడీఎఫ్ ఉంటే పంపు." రెండింటికీ ఈ భాగంలోనే జవాబు చెప్తాను. లిస్టు ఇస్తాను. ఏ పీడీఎఫ్ పంపుతానో, ఏది పంపనో, ఎందుకో కూడా చెప్తాను. అయితే దానికి ముందు కొంచెం చరిత్ర వినాలి.

పుస్తకం తెరవగానే మొదటి పేజీలో పుస్తకం పేరు, రాసినవాళ్ల పేరు ఉంటాయి. ఆ కాగితం తిప్పితే రెండో పేజీ. మొదటి ముద్రణ ఎప్పుడు, ఎన్ని ప్రతులు, వెల ఎంత, ప్రచురించింది ఎవరు, ప్రతులకు ఎవరికి రాయాలి, ఏ ప్రెస్సులో అచ్చయింది, అన్నీ అక్కడ చిన్న అక్షరాల్లో ఉంటాయి. మనలో చాలామంది దాన్ని చూడరు. నేరుగా ముందుమాటకు దూకుతారు. దళిత చరిత్ర చదివే విద్యార్థి ముందుగా ఆగాల్సింది ఆ పేజీ దగ్గరేనని నేనంటాను. ఎవరు రాశారన్నది ఒక ప్రశ్న. ఎవరు డబ్బు పెట్టారు, ఎంతకు అమ్మారు, ఎవరి చేతికి చేరింది, ఇప్పుడు దొరుకుతోందా అన్నవి ఇంకో నాలుగు ప్రశ్నలు. ఈ నాలుగూ అడగకపోతే మన సాహిత్య చరిత్ర మనకు సగమే తెలుస్తుంది.

ఆ పేజీ మన మేలు కోరి పుట్టింది కాదు. 1857 తిరుగుబాటు తర్వాత పదేళ్లకు, 1867లో, బ్రిటిష్ ప్రభుత్వం ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ యాక్ట్ తెచ్చింది. ప్రతి పుస్తకం మీదా అచ్చు వేసినవాడి పేరు, ఊరు, ప్రచురించినవాడి పేరు, ఊరు ఉండాలంది. అచ్చయిన పుస్తకం ప్రభుత్వానికి ఇవ్వాలంది. భాష, ప్రతుల సంఖ్య, వెలతో సహా మూడు నెలలకోసారి కాటలాగు తయారయ్యేది. ఎవరేం అచ్చు వేస్తున్నారో కనిపెట్టి ఉండటానికి దొర పెట్టుకున్న కన్ను అది. ఇవాళ ఆ కన్నే మనకు పనికొస్తుంది. ఒక్క కాపీ కూడా మిగలని చిన్న పుస్తకం పేరు ఆ పాత కాటలాగుల్లో కనిపించవచ్చు. పరిశోధనలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. 2023లో ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టం పత్రికలకే పరిమితమైంది, పుస్తకాలను ఆ లెక్కలోంచి వదిలేసింది. అంటే ఇకమీదట మన పుస్తకాల లెక్క మనమే రాసుకోవాలి.

1. ఎనిమిది అణాల పుస్తకం

స్వతంత్ర ప్రచురణ అంటే ఏంటని అడిగితే నేను 1936 చూపిస్తాను. లాహోరులోని జాత్-పాత్ తోడక్ మండల్ తమ వార్షిక సభకు అధ్యక్షుడిగా బాబాసాహెబ్‌ను పిలిచింది. ఆయన రాసిన ప్రసంగం చూసి భయపడింది. కొన్ని మాటలు తీసేయమంది. కామా కూడా మార్చనన్నాడాయన. సభ రద్దయింది. ఆ ప్రసంగాన్ని ఆయన సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. అదే కులనిర్మూలన. మొదటి ముద్రణ 1,500 ప్రతులు, వెల ఎనిమిది అణాలు. రెండు నెలల్లో అయిపోయాయి.

ఆ జులైలోనే గాంధీ తన హరిజన్ పత్రికలో ఆ పుస్తకం మీద రాశాడు. వాదన సంగతి మనందరికీ తెలుసు. ఆయన వెల మీద కూడా ఒక మాట అన్నాడన్నది చాలామందికి తెలియదు. ఎనిమిది అణాలు ఎక్కువ, రెండణాలకో, కనీసం నాలుగణాలకో తగ్గించమన్నాడు. ఒకరి వెనుక డబ్బున్న సంస్థలు, సొంత పత్రికలు ఉన్నాయి. ఇంకొకరు జేబులోంచి తీసి ప్రెస్సు బిల్లు కట్టారు. సలహా ఇచ్చింది మొదటివారు, ఇవ్వబడింది రెండోవారికి. రెండో పేజీ చదవడమంటే ఈ తేడా చూడటం.

1937లో రెండో ముద్రణ వచ్చింది. ముందుమాటలో బాబాసాహెబ్ అనువాదాల లెక్క చెప్పాడు. గుజరాతీ, తమిళంలో వచ్చేసింది, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళంలో వస్తోంది అని. ఆ లెక్కలో తెలుగు లేదు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు గుచ్చుకుంటుంది. అప్పటికి తెలుగు నేల మీద ఆది ఆంధ్ర ఉద్యమానికి ఇరవై ఏళ్ల వయసుంది.

అచ్చుకోసం ఆయన పడిన పాట్లు అక్కడ మొదలు కాలేదు, అక్కడ ఆగలేదు. 1920 జనవరి 31న మూక్‌నాయక్ మొదలుపెట్టేటప్పుడు కొల్హాపూర్ శాహూ మహారాజ్ 2,500 రూపాయలిచ్చి నిలబడ్డాడు. ఆ పత్రిక వస్తోందని డబ్బు కట్టి ప్రకటన ఇస్తామన్నా కేసరి వేయలేదు. చివరి రోజుల్లో, 1956 సెప్టెంబరులో, బుద్ధుడి మీద రాసిన పుస్తకం అచ్చు ఖర్చు పెద్దదైపోయి, 500 కాపీలు ప్రభుత్వం కొంటుందా అని ప్రధాని నెహ్రూకు ఉత్తరం రాశాడు. కేటాయించిన నిధి అయిపోయిందన్న జవాబు వచ్చింది. రాజ్యాంగం ముసాయిదా రాసిన మనిషి తన పుస్తకం 500 కాపీల కోసం ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఆ పుస్తకం ఆయన పోయాక, 1957లో, ఆయనే పెట్టిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ ద్వారా బయటికి వచ్చింది. మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనల మొదటి సంపుటం వేసింది 1979లో. మధ్యలో ఆ రచనలను బతికించింది చిన్న ప్రెస్సులు, జయంతి రోజున బస్తీల్లో గుడ్డ పరిచి పుస్తకాలమ్మినవాళ్లు.

2. మన భాషలో మొదటి అచ్చు

తెలుగులో కూడా ఇదే కథ. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములమనే పేరు వద్దని, మేం ఆది ఆంధ్రులమని మనవాళ్లు తేల్చి చెప్పారు. పేరు మార్చుకున్నవాళ్లకు వెంటనే కావలసింది ఆ పేరుతో రాసే కాగితం. 1921లో, దేశమంతా తెల్లదొరతనం వద్దని పాడుతుంటే, రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న మాకొద్దీ నల్లదొరతనము అన్నాడు. 1931లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ భాగ్యనగర్ పత్రిక పెట్టాడు. తర్వాత దాని పేరు ఆది హిందూగా మారింది.

ఈ పత్రికలకు పెద్ద ప్రకటనలిచ్చేవాళ్లు లేరు. చందా కట్టాల్సిన మనుషులు రోజుకూలీలు. చదవడం వచ్చినవాళ్లు వాడకు ఒకరో ఇద్దరో. ఆ ఒక్కడు సాయంత్రం దీపం కింద కూర్చుని పైకి చదివితే పదిమంది వినేవాళ్లు. కాబట్టి ఎన్ని కాపీలు అచ్చయ్యాయన్న లెక్క మన పత్రికల విషయంలో సగం నిజమే చెప్తుంది. ఎన్ని చెవులు విన్నాయన్నది ఏ కాటలాగులోనూ ఉండదు. ఒక కాపీ పదిమందిది కావడంలో ఇంకో చిక్కుంది. చేతులు మారి మారి అది చిరిగిపోతుంది, ఇల్లు కప్పు కారితే నానిపోతుంది. మన ఇళ్లలో బీరువాలు లేవు. పాత కాగితం నిలవాలంటే పక్కా కప్పు కావాలి. మన చరిత్ర ఎందుకు దొరకదని అడిగేవాళ్లకు నేనిచ్చే మొదటి జవాబు అదే.

3. విడవలూరు నుంచి చూస్తే

ఇక మా వైపు రండి. పెన్న సముద్రంలో కలిసే చోటుకు ఉత్తరాన మా మండలం. పడమట వరి కయ్యలు, తూర్పున రొయ్యల గుంటలు, వాటికవతల బకింగ్‌హామ్ కాలువ, ఆపైన పల్లెపాళేలు, సముద్రం. మాల, మాదిగ వాడలు, యానాదుల కాలనీలు. దళిత పుస్తకాల చరిత్ర చెప్పడానికి హైదరాబాదే పోనక్కర్లేదు. ఇక్కడ నిలబడితే మూడు సంగతులు కనిపిస్తాయి.

మొదటిది ఆ కాలువ. 1876-78 ధాత కరువులో కడుపు పట్టుకుని వచ్చిన కూలీలు దాన్ని చాలా చోట్ల తవ్వారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి మిగిలింది. ఒంగోలు వైపు కొన్ని మైళ్ల తవ్వకాన్ని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న మాదిగలకు పని ఇచ్చాడు. 1878 జులై 3న ఒక్క రోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ మిషన్ కాలు మోపి నిలదొక్కుకున్నది 1840లో, మా నెల్లూరులోనే. ఆ మాదిగ పెద్దల మాటలు విని క్లౌ భార్య ఎమ్మా రాసిన పుస్తకం 1899లో లండన్‌లో అచ్చయింది. చెప్పులు కుడుతూ మనవాళ్లు చెప్పిన కథ ఇంగ్లీషులోకి, సముద్రం అవతలికి పోయింది. చెప్పినవాళ్లకు దాన్ని చదివే దారి లేదు. ఆ కాలువ గట్టు మీద మనవాళ్లకు ఏం జరిగిందో మన మనిషే మన భాషలో నవలగా రాసింది ఇంకో నూరేళ్లకు. అది జి. కళ్యాణరావు అంటరాని వసంతం. 2000లో విరసం వేసింది.

రెండోది అలగానిపాడు. మా మండలంలోని ఊరే. 1913 మే 1న పుచ్చలపల్లి సుందరయ్య పుట్టింది అక్కడ. భూములున్న ఇంట్లో పుట్టి, పేరు చివరి రెడ్డి తీసేసి, సొంత ఊళ్లో అంటరానితనానికి ఎదురు నిలిచి, కూలీలను కూడగట్టిన మనిషి. ఆయన జీవితాంతం పుస్తకాలు కూడబెట్టాడు. హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఎంతోమంది పరిశోధకులు కూర్చుని చదువుకునే గ్రంథాలయానికి ఆ పుస్తకాలే పునాది. ఆయన ఆత్మకథ పుస్తకంగా దొరుకుతుంది. మంచిదే, చదవండి. ఒక ప్రశ్న మాత్రం అడుగుతాను. ఆయనతో పాటు నడిచిన మాల, మాదిగ కూలీలు ఆ రోజుల గురించి తమ నోటితో ఏం చెప్పారు? నాయకుడి వెనుక పార్టీ ఉంది, పార్టీకి ప్రెస్సు ఉంది. కూలీ వెనుక వాడ ఉంది, వాడకు ప్రెస్సు లేదు. మంచి మనసున్న నాయకుడు దొరికినంత మాత్రాన ఈ లోటు తీరదు.

మూడోది దూబగుంట. మా జిల్లాలోనే, కలిగిరి వైపు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన కూలి ఆడవాళ్లు తమ వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుబోతు మొగుడి కథ, ఆడవాళ్లు ఏకమై సారా కొట్టు మూయించిన కథ. పుస్తకం మూసి, వీధిలోకి వచ్చి, తమ ఊరి సారా ఆపారు. రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. తర్వాత దాన్ని ఎలా నీరుగార్చారన్నది వేరే కథ. ఇక్కడ చూడాల్సింది ఆ పుస్తకాన్ని. పెద్ద అక్షరాలు, కొన్ని పేజీలు, చదివేవాళ్ల బతుకులోని కథ, చదివేవాళ్ల చేతికే అందింది. వాడ దాకా నడిచి వచ్చిన సన్న పుస్తకం ఒక ప్రభుత్వం ఆదాయాన్ని కదిలించింది.

4. హైదరాబాదు బుక్ ట్రస్టు

ఇప్పుడు అసలు సంగతి. 1980లో సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి, వాళ్ల మిత్రులు కలిసి హైదరాబాదు బుక్ ట్రస్టు పెట్టారు. లాభం కోసం పెట్టిన కంపెనీ కాదు, ట్రస్టు. తెలుగులో చవక వెలకు, తేలిక భాషలో, మామూలు మనిషికి పనికొచ్చే పుస్తకం వేయాలన్నది లెక్క. మొదటి పుస్తకం ఏడు తరాలు. అలెక్స్ హేలీ ఇంగ్లీషులో రాసిన పెద్ద పుస్తకానికి సహవాసి చేసిన కుదింపు అనువాదం. ఆఫ్రికా నుంచి సంకెళ్లతో తెచ్చిన కుంటా కింటే సంతతి కథ. అచ్చు మీద అచ్చు పడి ఇప్పటికీ నడుస్తున్న పుస్తకం. తెలుగు ఊళ్లల్లో వెట్టి చేసిన తాతల మనవలు దాన్ని చదివి తమ ఏడు తరాలు లెక్కపెట్టుకోబోయారు. మూడో తరం దగ్గరే పేర్లు ఆగిపోయాయి. ఆ పుస్తకం చేసిన పని అది.

తర్వాత వరుస చూడండి. డాక్టరు రాని పల్లెల కోసం వైద్యుడు లేని చోట. స్టేషనుకు పిలిస్తే వణికే పేదవాడి కోసం బొజ్జా తారకం రాసిన పోలీసులు అరెస్టు చేస్తే. 1985 జులై 17న కారంచేడు జరిగింది. ఆరుగురు మాదిగలను చంపారు. దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఈ రెండింటి మధ్య 1989లో, తారకం ముందుండి నడిపిన నలుపు పత్రిక మొదలైంది. అక్కడి నుంచి తెలుగులో అచ్చు రంగు మారింది. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకులుగా కవిత్వం ప్రచురణలు చిక్కనవుతున్న పాట వేసింది. మరుసటేడు పదునెక్కిన పాట. దళిత కవిత్వం ఎక్కడుందని అడిగిన పండితుల బల్ల మీద ఆ రెండు పుస్తకాలు పెట్టారు మనవాళ్లు. ఇవేవీ పెద్ద కంపెనీలు వేసినవి కావు. అప్పు చేసి, చందాలేసుకుని, ప్రెస్సువాడిని బతిమాలి తెచ్చినవి.

హైదరాబాదు బుక్ ట్రస్టు మన కోసం చేసిన పెద్ద పని గోగు శ్యామల సంపాదకత్వంలో వేసిన నల్లపొద్దు అని నా లెక్క. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రాతల సంకలనం. ఎనభై ఏళ్ల రాత పాత పత్రికల్లో, ఇళ్లల్లో చెల్లాచెదురుగా పడి ఉంటే ఏరి ఒకచోట పెట్టింది. ఆ పుస్తకం రాకముందు, దళిత స్త్రీలు ఇప్పుడిప్పుడే రాస్తున్నారు అనేవాళ్లు. వచ్చాక ఆ మాట అనడం కష్టమైంది. చరిత్ర పుస్తకం పని చేయడమంటే ఇదే. ఒక అబద్ధాన్ని నోరెత్తకుండా చేయడం.

5. ప్రచురణకర్త ఎవరివాడు?

ఇక్కడ కొందరు మిత్రులు అడిగే ప్రశ్న ఉంది. దాటేయను. ట్రస్టు పెట్టినవాళ్లలో ఒకరు రెడ్డి, ఒకరు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినావిడ. మన పుస్తకాలు వాళ్లెందుకు వేయాలి? వేస్తే ఏది అచ్చుకు తగినదో ఎవరు తేలుస్తారు?

ఈ ప్రశ్న తెలుగుకే పరిమితం కాదు. 2003లో ఎస్. ఆనంద్, తమిళ దళిత రచయిత రవికుమార్ కలిసి నవయాన పెట్టారు. ప్రధానంగా కులం మీద పుస్తకాలు వేసే ఇంగ్లీషు ప్రచురణ సంస్థ. 2014లో అది కులనిర్మూలనకు అరుంధతీ రాయ్ రాసిన పొడుగాటి ముందుమాటతో కొత్త ముద్రణ తెచ్చింది. బాబాసాహెబ్ పుస్తకానికి తలుపు దగ్గర ఇంకొకరు ఎందుకు నిలబడాలని దేశమంతా అంబేడ్కరైట్లు అడిగారు. ఆ వ్యాసాలు 2015లో హేట్రెడ్ ఇన్ ది బెల్లీ పేరుతో పుస్తకంగా వచ్చాయి. వేసింది షేర్డ్ మిర్రర్, మనవాళ్లదే. 2016లో నాగపూర్‌లో యోగేశ్ మైత్రేయ పాంథర్స్ పా మొదలుపెట్టాడు. కోపంతో ఆగిపోకుండా సొంత ప్రెస్సు పేరు రెండో పేజీలో వేసుకున్నారు. నాకు నచ్చింది అది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. తలుపు తెరిచినవాళ్లకు కృతజ్ఞత ఉండాలి. గీతా రామస్వామి ఆఫీసులో కూర్చుని పుస్తకాలు వేసి ఊరుకోలేదు. ఇబ్రహీంపట్నం ఊళ్లల్లో ఏళ్ల తరబడి వెట్టి మీద, భూమి మీద దళిత కూలీలతో కలిసి కొట్లాడారు. ఆ పని కాదనలేం. అదే నోటితో ఇంకో మాట కూడా అనాలి. ఏ అనువాదం ముందు రావాలి, ఏ పుస్తకం మళ్లీ అచ్చు వేయాలి, ఏ యాసను దిద్దకుండా వదలాలి అని తేల్చే బల్ల దగ్గర మన మనుషులు కూర్చోకపోతే, రచయితలుగా మనం ఎప్పటికీ అతిథులమే. నల్లపొద్దు ఎందుకు అంత గట్టిగా నిలబడింది? దాని సంపాదకురాలు మాదిగ స్త్రీ కాబట్టి. ఏం వెతకాలో ఆమెకు తెలుసు.

6. లిస్టు

అడిగారు కాబట్టి ఇస్తున్నాను. ఏడు పుస్తకాలు. వరుస నాది.

ఒకటి, కులనిర్మూలన. మొదటి రోజే పూర్తి చేయాలనుకోకండి. హాస్టల్లో నలుగురు కూర్చుని రోజుకు నాలుగు పేజీలు పైకి చదవండి.

రెండు, ఏడు తరాలు. చదివాక మీ అమ్మమ్మను, తాతను కూర్చోబెట్టి పేర్లు రాసుకోండి. ఎక్కడ ఆగుతుందో చూడండి.

మూడు, మా నాయన బాలయ్య. వై.బి. సత్యనారాయణ ఇంగ్లీషులో రాసిన కుటుంబ చరిత్రకు తెలుగు, బుక్ ట్రస్టుదే. తెలంగాణ మాదిగ కుటుంబం రైల్వే పనిలోకి, అక్కడి నుంచి చదువులోకి ఎలా నడిచిందో ఇందులో ఉంది. రిజర్వేషన్ తప్ప మీ దగ్గరేముందని క్లాసులో ఎవరైనా అంటే ఈ పుస్తకం చేతిలో పెట్టండి.

నాలుగు, నేనే బలాన్ని. టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ, గోగు శ్యామల రాశారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరైన దళిత స్త్రీ. పాఠ్యపుస్తకంలో ఆమె పేరు మీకెప్పుడైనా కనిపించిందా?

ఐదు, నల్లపొద్దు. ఆరు, అంటరాని వసంతం. పైన చెప్పాను.

ఏడు, ఒక హిజ్రా ఆత్మకథ. రేవతి రాసింది, పి. సత్యవతి తెలుగు చేశారు. ఆ అనువాదానికి సాహిత్య అకాడెమీ పురస్కారం కూడా వచ్చింది. కులం గురించి మాట్లాడే మనం మన వాడలోనే ఎవరిని వెలివేస్తున్నామో చూసుకోవాలి.

పోలీసులు అరెస్టు చేస్తే గురించి ఒక జాగ్రత్త. 2024 జులై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి కొత్త చట్టం వచ్చింది. పాత ముద్రణ మీ దగ్గరుంటే సెక్షన్ల నంబర్లు సరిపోవు. అందుకే ఏ ముద్రణో రెండో పేజీలో చూడమంటున్నాను.

ఇంగ్లీషు చదవగలిగినవాళ్లకు ఇంకొకటి. గీతా రామస్వామి ఆత్మకథ, ల్యాండ్, గన్స్, క్యాస్ట్, ఉమన్. 2022లో నవయాన వేసింది. ఒక ప్రచురణ సంస్థ ఎలా పుట్టిందో, ఒక భూపోరాటం ఎలా నడిచిందో ఒకే పుస్తకంలో ఉన్నాయి.

7. పీడీఎఫ్ సంగతి

మన దేశంలో రచయిత పోయిన అరవై ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. బాబాసాహెబ్ 1956 డిసెంబరు 6న పోయారు. కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన అసలు రచనలు 2017 నుంచి అందరివీ. వాటి ఇంగ్లీషు సంపుటాల పీడీఎఫ్‌లు ఎన్ని అడిగినా పంపుతాను. అనువాదం సంగతి వేరు. దాని మీద హక్కు అనువాదకులది. బతికున్న గోగు శ్యామల పుస్తకం ఫోన్‌లో ఫోటోలు తీసి గ్రూపుల్లో పంచితే దెబ్బ తగిలేది పెద్ద కంపెనీకి కాదు. తెలుగులో ఇలాంటి పుస్తకం వెయ్యి కాపీలు వేస్తే అవి అమ్ముడై డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ డబ్బు రాకపోతే తర్వాతి పుస్తకం ఆగుతుంది. అచ్చులో లేని పుస్తకం, ఎక్కడా దొరకని పుస్తకమైతే అది వేరే సంగతి. దాన్ని కాపాడటం కోసం కాపీ తీసుకోండి. తీసుకుని, మళ్లీ అచ్చు వేయమని ప్రచురణకర్తకు ఉత్తరం రాయండి. యాభై మంది రాస్తే వింటారు.

కొనడానికి డబ్బెక్కడిదంటారు. న్యాయమే. నేను చదివిన హాస్టల్లో పుస్తకాల బీరువాకు తాళం ఉండేది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ఈ మూడు పనులు చెప్తున్నాను. ఒకటి, పదిమంది కలిసి నెలకు ఒక పుస్తకం కొనండి. పదిమందీ చదివాక వాడలో ఒక అరలో పెట్టండి. చర్చి వరండా అయినా, కమ్యూనిటీ హాలు మూల అయినా సరే, తాళం లేకుండా ఉంటే చాలు. రెండు, మన ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మన డబ్బే. మీ శాఖా గ్రంథాలయానికి పోయి పై ఏడు పుస్తకాలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే జిల్లా గ్రంథాలయ సంస్థకు పేర్లు రాసి, సంతకాలతో అర్జీ పెట్టండి. రసీదు తీసుకోండి. మూడు, డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలకు పోయినప్పుడు పెద్ద స్టాళ్ల దగ్గర సెల్ఫీ దిగి వెనక్కి రాకండి. చిన్న ప్రచురణల బల్లల దగ్గర నిలబడి రెండో పేజీలు తిప్పండి.

8. మన రెండో పేజీ

ఇంతకంటే పెద్ద పని ఒకటి మిగిలి ఉంది. కయ్యల్లో నాట్లు వేసి, రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా కాసి, కాలువ గట్టు మీద పుట్టి పెరిగిన పెద్దవాళ్లు మా వాడల్లో ఇంకా ఉన్నారు. సారా కొట్ల ముందు చీపురు పట్టుకుని నిలబడ్డ అవ్వలు ఉన్నారు. ఏటా కొందరు పోతున్నారు. వాళ్ల మాట రాసుకోవడానికి యూనివర్సిటీ అనుమతి అక్కర్లేదు. ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్లు చెప్పిన యాసలోనే కాగితం మీద పెట్టండి. చదివి వినిపించి, సరేనంటేనే ఉంచండి. ముప్పై పేజీలైతే చాలు, పుస్తకమే.

అచ్చు వేశాక రెండో పేజీ శ్రద్ధగా నింపండి. తేదీ, ప్రతుల సంఖ్య, వెల, చందా ఇచ్చినవాళ్ల పేర్లు, మీ వాడ పేరు. ఐఎస్‌బీఎన్ నంబరు రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ నుంచి ఉచితంగానే వస్తుంది. అప్లై చేయండి. 1954 చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు పంపాలి. తప్పకుండా పంపండి. మన ఇంటి కప్పు కారినా అక్కడి కప్పు కారదు. నూరేళ్ల తర్వాత ఎవరో ఒక పిల్ల కన్నెమరాలో కూర్చుని, ప్రచురణ: దళితవాడ, విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా అన్న అక్షరాలు చదవాలి. ఎనిమిది అణాల పుస్తకానికి సొంత జేబులోంచి బిల్లు కట్టిన మనిషికి మనం బాకీ ఉన్నాం. అది తీర్చే దారుల్లో ఇదొకటి.

వచ్చే భాగంలో 1917 బెజవాడ సభ గురించి వివరంగా రాస్తాను. ఈలోపు మీ దగ్గరున్న పాత పుస్తకాల రెండో పేజీలు ఫోటో తీసి పంపండి. ప్రచురణ పేరు, సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల నాలుగూ ఒక పట్టిక కడదాం. పీడీఎఫ్ వద్దు. ఆ ఒక్క పేజీ చాలు.

జై భీమ్. జై సావిత్రీబాయి.